బోడుప్పల్ నుండి వరంగల్ దాకా: ముప్పై రాత్రుల పుస్తకం

దానం చేయదలచినవాడు జేబులో చెయ్యి పెడితే చాలు, దానికోసం సైకిలెక్కి ఊళ్లు తిరగవలసిన అవసరం లేదు. ఈ మాట మాకు ఎందరో చెప్పారు. మస్జిదు మెట్ల మీద చెప్పారు, టీ హోటళ్లలో చెప్పారు, మా ఇళ్లలోనూ చెప్పారు. చెప్పినవారిలో మా మేలు కోరినవారే ఎక్కువ. యాభై దాటిన మౌల్వీలు గడ్డాలు గాలికి ఎగురుతుండగా లారీల మధ్య సైకిళ్లు తొక్కడం ఏమి శోభ అన్నది వారి ఆవేదన. అయినా గడచిన షాబాన్ సెలవుల్లో మేము ఏడుగురు మిత్రులం బోడుప్పల్ నుండి వరంగల్‌కు సైకిళ్ల మీద వెళ్లి, అదే దారిన తిరిగి వచ్చాము. పోనూ రానూ కలిపి సుమారు 260 కిలోమీటర్లు, ఆరు రోజులు. ఎందుకు వెళ్లామో, దారి మాకు ఏమి నేర్పిందో పాఠక సోదర సోదరీమణులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

రమజానులో ఎండే సీసా

మా మక్తబులో ఖాయిదా చదివే ఏడేళ్ల పిల్లవాడున్నాడు. తండ్రి సెంట్రింగు పని చేస్తాడు. ఆ బాలుడికి తలసీమియా వ్యాధి. అంటే, ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారు కాదు. పుట్టిన రెండేళ్లలోపే పిల్ల పాలిపోతుంది, బరువు పెరగదు. అప్పటి నుండి 2 నుండి 4 వారాలకొకసారి బయటి రక్తం ఎక్కించాలి. ఇది ఒక నెలతోనో, ఒక ఏడాదితోనో తీరే అవసరం కాదు. పైగా ఎక్కించిన రక్తంతోపాటు ఇనుము కూడా ఒంట్లో పేరుకుపోయి గుండెను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. దాన్ని బయటకు పంపడానికి ప్రతిరోజూ మందు వాడాలి. దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ వ్యాధిని వైకల్యాల జాబితాలో చేర్చింది. హైదరాబాదులో 1998 నుండి తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఇటువంటి పిల్లల కోసం పనిచేస్తున్నది. చికిత్స ఉన్నది, వైద్యులున్నారు. అయితే రక్తం ఏ కర్మాగారంలోనూ తయారు కాదు. ఒక మనిషి చేయి చాపితేనే అది మరొక మనిషికి అందుతుంది.

ఇక్కడే మన సమాజానికి సంబంధించిన ఒక చిక్కు ఉంది. రమజాను మాసంలో మన యువకులు ఉపవాసాల్లో ఉంటారు, పగలు రక్తం ఇవ్వరు. కొన్నేళ్లుగా రమజాను ఎండాకాలపు అంచున వస్తున్నది. ఎండల్లో కాలేజీలకు సెలవులిస్తారు, రక్తదాన శిబిరాలు తగ్గుతాయి. ఏ నెలలో మన చేతులు దానానికి ఎక్కువగా తెరుచుకుంటాయో, ఆ నెలలోనే ఈ పిల్లల సీసా ఎండిపోతున్నది. మునుపటి రమజానులో మా మక్తబు పిల్లవాడికి తొమ్మిది రోజులు ఆలస్యంగా రక్తం దొరికింది. ఆ తొమ్మిది రోజులూ వాడు గోడకు ఆనుకుని కూర్చునేవాడు. అలిఫ్, బే అనడానికి కూడా ఊపిరి చాలేది కాదు. చివరకు రక్తమిచ్చినవాడు నాచారం పారిశ్రామికవాడలో పనిచేసే ఒక హిందూ యువకుడు. తండ్రి మాతో అన్నాడు: “మౌల్వీ సాబ్, నా కొడుకు ఒంట్లో ఎంతమంది రక్తముందో నాకు తెలియదు. పేర్లు తెలియవు కాబట్టి అందరికీ కలిపి దుఆ చేస్తాను.”

ఆ మాట విన్నాక రాబోయే రమజాను గురించి ఆలోచించకుండా ఉండలేకపోయాము. ముందే రక్తం సేకరించి దాచవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. ఎర్ర రక్తకణాలను శీతల పెట్టెలో ఐదారు వారాలకు మించి నిల్వ చేయలేరు. తలసీమియా పిల్లలకైతే రెండు వారాలలోపు తాజా రక్తమే మేలంటారు వైద్యులు. పైగా ఒకసారి ఇచ్చిన పురుషుడు మళ్లీ 3 నెలల దాకా, స్త్రీ 4 నెలల దాకా ఇవ్వరాదు. షాబాన్‌లో అందరూ ఒక్కసారిగా ఇచ్చేస్తే రమజాను రెండో సగంలో ఇచ్చేవారు మిగలరు. కనుక మాకు కావలసింది అప్పటికప్పుడు ఇచ్చే రక్తం కాదు, మాట. రమజానులో ఫలానా రాత్రి ఇఫ్తార్ చేసి, తరావీహ్ ముగించి, తమ ఊరికి దగ్గరి రక్తనిధికి వెళ్లి రక్తమిస్తామనే మాట.

అందుకోసం ఒక నోటుపుస్తకం కుట్టించాము. అందులో ముప్పై పుటలు, పుటకొక రాత్రి. నెల 29 రోజులతో ముగిస్తే ఆఖరి పుటలోని వారిది ఈద్ తర్వాత. దారిలోని ప్రతి ఊళ్లో పేర్లు రాసుకొని, ఆ ఊరి జాబితా నకలును మస్జిదు కమిటీకి అప్పగించి ముందుకు సాగాలని నిర్ణయించాము. జనగామలో రాసిన పేరు జనగామ పిల్లలకు, వరంగల్‌లో రాసిన పేరు వరంగల్ పిల్లలకు ఉపయోగపడాలి.

రెండు సంచులు, ఒక హద్దు

రక్తంతోపాటు మందుల ఖర్చుకు డబ్బు కూడా అవసరమే. డబ్బు చేతికి వచ్చేచోట ధర్మశాస్త్రం ముందు నడవాలి. జకాత్ వేరు, సాధారణ సదఖా వేరు. జకాత్ హక్కుదారులు ఎనిమిది వర్గాలని దివ్య ఖుర్ఆన్ నిర్ణయించింది. మన హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ సొమ్మును పేదవాడి సొంతం చేసి, అతని చేతికి అందించాలి. దానితో బ్యానర్లు అచ్చువేయడానికి, టీలు తాగడానికి వీల్లేదు. కాబట్టి ఆకుపచ్చ సంచి జకాత్‌కు, తెల్ల సంచి సదఖాకు అని రెండు సంచులు పెట్టాము. మా భోజనం, మా పంక్చర్లు, మా మందులు ఈ రెండింటిలో దేని నుండీ కాదు. మేము ఏడుగురం తలా 1,500 రూపాయలు వేసుకొని మూడో సంచి కట్టుకున్నాము.

ఫోటోల విషయంలో చర్చ జరిగింది. పిల్లవాడి బొమ్మను పెద్దగా వేయించి సైకిలుకు కట్టుకుంటే జనం కరిగి ఇస్తారని ఒకరు సూచించారు. ఆ సూచనలో దురుద్దేశం లేదు. అయితే దానం చేసి దెప్పడం, బాధపెట్టడం ఆ దానాన్నే మట్టిపాలు చేస్తుందని మనం పిల్లలకు బోధిస్తాము. పుచ్చుకునేవాడి ముఖాన్ని ఊరూరా తిప్పడం కూడా బాధపెట్టడమే. ఆ బిడ్డ రేపు పెరిగి ఈ దారినే నడవవలసినవాడు. దానాన్ని దాచి చేసినా, నలుగురికి ప్రోత్సాహం కలిగేలా బహిరంగంగా చేసినా అల్లాహ్ స్వీకరిస్తాడు. దాచి చేసేది మరింత శ్రేష్ఠం. కనుక పనిని బహిరంగంగా, మనుషులను గోప్యంగా ఉంచాలని హద్దు గీసుకున్నాము. సైకిళ్ల ముందు చిన్న అట్ట మాత్రం కట్టాము. దాని మీద “రమజాను రాత్రి రక్తదానం” అని మూడే మాటలు.

“సైకిలు మీద దానయాత్ర పాశ్చాత్యుల అలవాటు కదా” అని మరో పెద్దాయన ఆక్షేపించారు. మంచి పని ఎవరి అలవాటైనా విశ్వాసికి అది తన పోగొట్టుకున్న సొమ్మువంటిదే. 2017లో బ్రిటన్‌కు చెందిన ఎనిమిది మంది ముస్లింలు లండన్ నుండి మదీనాకు సైకిళ్ల మీద హజ్ యాత్ర సాగించి, సిరియా బాధితుల వైద్య సహాయానికి విరాళాలు కూడగట్టారు. అంత దూరం ఎందుకు, మన హైదరాబాదు వాసి ఆదిత్య మెహతా రోడ్డు ప్రమాదంలో ఒక కాలు పోగొట్టుకుని కూడా సైకిలెక్కారు. 2013లో ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రెండు రజత పతకాలు గెలిచారు. తర్వాత తన పేరిట ఫౌండేషన్ స్థాపించి, దూరయాత్రలు నడిపి, వికలాంగ క్రీడాకారులకు కృత్రిమ అవయవాలు, శిక్షణ అందిస్తున్నారు. కరోనా రెండో అల వేళ 2021లో మన నగర సైకిలు మిత్రులు రిలీఫ్ రైడర్స్ పేరిట ఒంటరి వృద్ధుల ఇళ్లకు మందులు, సరుకులు చేరవేశారు. రెండు కాళ్లూ చక్కగా ఉన్న మాకు ఇక సాకు ఏముంది?

దారి

మేము ఏడుగురం ఎవరమంటే: మదర్సా ఉపాధ్యాయులం ఇద్దరం, ఒక హాఫిజ్ సాబ్, సైకిలు రిపేరు దుకాణం నడిపే సోదరుడు, కిరాణా వ్యాపారి ఒకరు, డిగ్రీ చదివే యువకుడు, ఆర్టీసీలో రిటైరైన కండక్టరు చాచా. చాచా ముప్పై ఏళ్లు వరంగల్ రూటులోనే పనిచేసినవారు. ఏ ఊరి మస్జిదు రోడ్డుకు ఏ పక్కన ఉందో, ఏ బావి నీళ్లు తియ్యనివో ఆయనకు కంఠస్థం. సైకిళ్లలో గేర్లున్నది యువకుడి ఒక్కటే. మిగిలినవన్నీ క్యారియర్, స్టాండు ఉన్న మామూలు నల్ల సైకిళ్లు. పైజామా అంచు చైనులో పడకుండా చీలమండకు రబ్బరు బ్యాండు, క్యారియర్ మీద జానమాజు, హ్యాండిలుకు వుజూ లోటా.

ఒక బుధవారం ఫజ్ర్ నమాజు చేసి, ప్రయాణ దుఆ చదివి బయలుదేరాము. ఉప్పల్–నారపల్లి మధ్య 2018లో పనులు మొదలైన ఎత్తైన వంతెన స్తంభాల నీడలో, గుంతలు తప్పించుకుంటూ, మేడిపల్లి దాటేసరికి మా తెల్లని బట్టలు మట్టిరంగుకు మారాయి. అన్నోజిగూడ, ఘట్‌కేసర్ గడిచాక 163వ జాతీయ రహదారి విశాలమై, గాలి చల్లబడింది. బీబీనగర్ చెరువు గట్టున రొట్టెలు తిన్నాము. గూడూరు టోల్ గేటు దగ్గర సైకిలుకు పన్ను లేదని సిబ్బంది నవ్వుతూ పొమ్మన్నారు. చాచా అన్నారు: “ముప్పై ఏళ్లు ఈ రోడ్డు మీద ఎక్కినవాడికల్లా టికెట్టు కొట్టాను. ఇవాళ నాకే టికెట్టు లేదు!”

భువనగిరి కోట ఏకశిల కనిపించగానే పుస్తకంలో మొదటి పేరు అక్కడే రాయాలనుకున్నాము. జుహర్ నమాజు తర్వాత ఇమాము సాబ్ అనుమతితో ఐదు నిమిషాలు మాట్లాడాము. జనం విన్నారు, తలలూపారు, చెప్పులేసుకుని వెళ్లిపోసాగారు. అప్పుడొక వృద్ధుడు లేచి తన పేరు రాయమన్నారు. వయసు అడిగితే డెబ్బై. రక్తమివ్వడానికి 18 నుండి 65 ఏళ్ల లోపు వయసు, కనీసం 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలని చెప్పాము. “అయితే నా కొడుకు పేరు రాసుకో” అన్నారాయన. అడగకుండా ఒకరి రక్తాన్ని మరొకరు వాగ్దానం చేయరాదన్నాము. ఆయన క్షణం ఆలోచించి “అదీ న్యాయమే. పద బేటా, వాడినే అడుగుదాం” అని మమ్మల్ని బజారులోని దుకాణానికి నడిపించుకుపోయారు. కొడుకు ఒప్పుకున్నాడు. పక్క దుకాణంవారిద్దరూ ఒప్పుకున్నారు. ఇంటికి పంపి అన్నం తెప్పించి, తినేదాకా మమ్మల్ని కదలనివ్వలేదు.

అక్కడే మాకు దారి స్వభావం అర్థమైంది. కారులో రెండున్నర గంటల్లో వరంగల్ చేరవచ్చు. కాని కారులో దిగిన మనిషి చందాల కోసం వచ్చినవాడిలా కనిపిస్తాడు. ఎండలో సైకిలు దిగి, చెమట తుడుచుకుంటూ నీళ్లడిగిన మనిషి ముందు అతిథి అవుతాడు, ఆ తర్వాతే అడిగేవాడవుతాడు. ఎనిమిది జకాత్ వర్గాల్లో బాటసారి కూడా ఒకడు. ఇంటి దగ్గర సంపన్నుడైనా, దారిలో చేతిసొమ్ము అయిపోతే పుచ్చుకోవడానికి అతను అర్హుడే. మా మూడో సంచి నిండుగానే ఉంది, జకాత్ మాకు అవసరం లేదు. అయినా నీటికి, నీడకు, దారికి మేము ప్రతి ఊళ్లోనూ ఇతరుల మీద ఆధారపడినవాళ్లమే. పశ్చిమ ఆఫ్రికాలోని గినీ దేశపు యువకుడు మమదూ బారీ 2023లో అల్-అజ్‌హర్‌లో చదవాలన్న కోరికతో సైకిలెక్కి అనేక దేశాలు దాటాడు. చాద్ చేరాక అతని కథ విన్న దాతలు విమానంలో ఈజిప్టుకు పంపారు. అల్-అజ్‌హర్ అతనికి ఉపకార వేతనంతో సీటిచ్చింది. మా శిష్యులకు మేము తరచూ చెప్పే ఈ సంగతి ఆ రోజు భువనగిరిలో అన్నం ముద్దతోపాటు మాకే మళ్లీ జ్ఞాపకం వచ్చింది.

వంగపల్లి దాటాక అస్ర్ వేళయింది. ఒక రైతును అడిగి, అతని బోరు దగ్గర వుజూ చేసుకొని, చేని గట్టు మీద మాలో మేమే జమాఅత్ కట్టి రెండు రకాతులు చేశాము. డిగ్రీ యువకుడు సందేహం అడిగాడు: “మౌలానా, ముసాఫిర్‌కు హద్దు 48 మైళ్లు, అంటే సుమారు 77 కిలోమీటర్లు అన్నారు కదా. మనం ఇంకా అంత దూరం రానేలేదు. రెండు రకాతులెలా సరిపోతాయి?” మేము వివరించాము. ఎంత దూరం వచ్చామన్నది కాదు, ఎంత దూరానికి సంకల్పించి ఊరి పొలిమేర దాటామన్నదే లెక్క. వరంగల్‌కు సంకల్పించి బోడుప్పల్ దాటిన క్షణం నుండే మనం ముసాఫిర్లం. స్థానిక ఇమాము వెనక నిలబడితే మాత్రం ఆయనతోపాటు నాలుగూ పూర్తి చేయాలి, భువనగిరిలో చేసినట్లు. అతను కాసేపు మౌనంగా ఉండి, “అంటే సంకల్పం చేసిన రోజు నుండే పని మొదలైనట్టన్నమాట” అన్నాడు. ఆ మాటను మేము పుస్తకం అట్ట లోపల రాసుకున్నాము.

ఇరవై ఏడో పుట

ఆలేరు మస్జిదులో రాత్రి పడుకునేముందు పుటలు తిరగేస్తే ఒక సంగతి బయటపడింది. మొదటి వారం పుటల్లో పేర్లున్నాయి. ఇరవై ఏడో పుట ఖాళీ. కారణం స్పష్టమే. ఆ రాత్రి లైలతుల్ ఖద్ర్ కావచ్చన్న ఆశతో అందరూ మస్జిదులో జాగారం చేస్తారు. ఆరాధనను వదిలి ఆసుపత్రికి పొమ్మని ఎవరిని అడగగలం? ఒక ప్రాణాన్ని కాపాడటం సమస్త మానవాళిని కాపాడటంతో సమానమని మన దివ్యగ్రంథం బోధిస్తుండగా, రక్తమివ్వడం కూడా ఆరాధనే అని చెప్పవచ్చు. చెప్పాము కూడా. అయినా ఏడాదికొక్క రాత్రి కోసం ఎదురుచూసే హృదయాన్ని ఒత్తిడి చేయడం మాకు ఇష్టం లేకపోయింది.

మరునాటి ఉదయం రోడ్డు పక్క టీ హోటలులో ఈ చర్చే నడుస్తుండగా యజమాని విన్నాడు. హిందూ సోదరుడు, నలభై ఏళ్లుంటాయి. డబ్బులివ్వబోతే “పైసలొద్దు మౌల్‌సాబ్, మంచి పనికి పోతున్నరు” అని, పుస్తకం చూపించమన్నాడు. “గీ పుట ఎందుకు ఖాళీగున్నది?” కారణం చెప్పాము. “మీ పెద్దపండుగ రాత్రి లెక్కనా? అయితే ఆ రాత్రి నా పేరు రాయండ్రి. మీరు నమాజు చేసుకోండ్రి, నేను పోయి ఇచ్చొస్త” అన్నాడు. అతని పేరు ఆ పుటలో మొదటిది. మేము దారిలో ఈ సంగతి చెప్పుకుంటూ పోయాము. జనగామలో ఇద్దరు, స్టేషన్ ఘన్‌పూర్‌లో ముగ్గురు హిందూ సోదరులు అదే పుటలో పేర్లు రాయించారు. ఆ మాట విన్న ముస్లిం యువకులు కొందరు “మేమూ తరావీహ్‌కు, జాగారానికి మధ్య ఒక గంట ఇవ్వలేమా?” అంటూ ముందుకు వచ్చారు. తిరుగు ప్రయాణానికి పుస్తకంలో అన్నిటికంటే నిండిన పుట అదే.

కిరాణా సోదరుడి ఫోను

రెండో రోజు పెంబర్తిలో ఇత్తడి పనివారి సుత్తి చప్పుళ్లు వింటూ జనగామ చేరాము. మోకాళ్లు పట్టేశాయి. రఘునాథపల్లి దగ్గర హాఫిజ్ సాబ్ సైకిలు చైను తెగింది. రిపేరు సోదరుడు రోడ్డు పక్కన కూర్చుని లింకు కలుపుతుండగా, కిరాణా సోదరుడు మమ్మల్ని కొంచెం దూరం తీసుకుపోయి చెప్పిన మాట ఈ యాత్రలో మాకు అన్నిటికంటే బరువైనది.

ప్రతి మస్జిదులోనూ మేము రక్తం గురించే గాక, పెళ్లికి ముందు పరీక్ష గురించి కూడా చెబుతూ వచ్చాము. తలసీమియా జన్యువు ఒక్కటే ఉన్న మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు, తనకు ఉన్నట్లే తెలియదు. భార్యాభర్తలిద్దరికీ అది ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. దగ్గరి బంధువుల్లో ఒకే జన్యువు ఇద్దరికీ ఉండే అవకాశం ఎక్కువ. మేనమామ, చిన్నాన్న, మేనత్త పిల్లల మధ్య నికాహ్‌ను షరీఅత్ నిషేధించలేదు, తప్పనిసరీ చేయలేదు. ఇది ముస్లింల ఒక్కరి సమస్య కూడా కాదు, తెలుగు నేలలో మేనరికం అన్ని కులాల్లోనూ ఉంది. హెచ్‌బీఏ2 అనే ఒక రక్తపరీక్షతో ఈ విషయం తేలిపోతుంది. ఇరాన్ 1997 నుండి, సౌదీ అరేబియా 2004 నుండి నికాహ్‌కు ముందు ఇటువంటి పరీక్షను తప్పనిసరి చేశాయి. సౌదీలో ఫలితం ఏదైనా నిర్ణయం మాత్రం వధూవరులదే. పరీక్ష సంబంధాలను చెడగొట్టదు, కళ్లు తెరిచి నిర్ణయించుకునే వీలు కల్పిస్తుంది.

కిరాణా సోదరుడు అన్నాడు: “మౌలానా, ఈ మాటలు ఏడు మస్జిదుల్లో ఏడుసార్లు విన్నాను. ఈద్ తర్వాత నా కూతురి నికాహ్, మా చెల్లెలి కొడుకుతో. ఇతరులకు చెప్పే మాట నా ఇంట్లో చెప్పకపోతే ఈ సైకిలు తొక్కడం దేనికి?” అక్కడి నుండే చెల్లెలికి ఫోను చేశాడు. అవతలి గొంతు మాకూ వినిపించింది. “భాయీజాన్, మన రక్తాన్నే అనుమానిస్తున్నావా? నలుగురికి తెలిస్తే పిల్లకు ఏ వంకో ఉందనుకోరా?” అని ఆమె ఏడ్చి ఫోను పెట్టేసింది. ఆ సాయంత్రం అతను స్టేషన్ ఘన్‌పూర్ దాకా ఒక్క మాటా మాట్లాడలేదు. మేమూ మాట్లాడించలేదు. ఇటువంటి వేళ ఉపదేశం కంటే పక్కన సైకిలు తొక్కడమే మేలు.

శుక్రవారం తెల్లవారగానే బయలుదేరి, పెండ్యాల, మడికొండ మీదుగా కాజీపేట దాటి వరంగల్ చేరాము. ముసాఫిర్‌కు జుమా తప్పనిసరి కాకపోయినా, ఆ జమాఅత్ భాగ్యాన్ని వదులుకోలేదు. ఖుత్బాకు ముందు జరిగే ప్రసంగంలో ఇమాము సాబ్ తన సమయంలో సగం మాకిచ్చారు. రక్తమార్పిడి అవసరంలో ధర్మసమ్మతమేనని, రక్తాన్ని అమ్మడం మాత్రం తగదని ఉలమాలు చెప్పిన విషయాన్ని స్పష్టం చేశాము. ఉపవాసంలో రక్తమిచ్చినా ఉపవాసం భంగం కాదు, బలహీనత కలిగే భయముంటే మక్రూహ్ అవుతుంది, అందుకే రాత్రివేళ శ్రేష్ఠమని వివరించాము. నమాజు ముగిసేసరికి పుస్తకం చుట్టూ యువకులు మూగారు. ఆ గుంపులో ఉండగానే కిరాణా సోదరుడి ఫోను మోగింది. చెల్లెలి కొడుకు, అంటే కాబోయే అల్లుడే స్వయంగా మాట్లాడాడు: “మామూజాన్, అమ్మకు నేను నచ్చజెప్పాను. ముందు నా రక్తమే ఇస్తాను, ఎక్కడికి రావాలో చెప్పండి.” మేమందరం ఆ పేట మస్జిదు ఆవరణలోనే అల్లాహ్‌కు కృతజ్ఞతగా తల వంచాము. ఆ పరీక్షల ఫలితం ఆ రెండు కుటుంబాల సొంత విషయం, ఇక్కడ రాయము. భయపడకుండా తెలుసుకున్నారన్నదే మేము చెప్పదలచిన సంగతి.

రమజానులో జరిగినది

శనివారం విశ్రాంతి తీసుకొని, ఆదివారం బయలుదేరి, జనగామలో రాత్రి ఆగి, సోమవారం మగ్రిబ్‌కు బోడుప్పల్ చేరాము. పుస్తకంలో 143 పేర్లు. రెండు సంచుల సొమ్మును మస్జిదులో అందరి ముందు లెక్కించి, రాసి, గోడకు అంటించాము. జకాత్ సొమ్మును ముగ్గురు పేద తండ్రుల చేతికి స్వయంగా అందించాము. సదఖా సొమ్ము మందులకు వెళ్లింది.

మాట ఇచ్చినవారందరూ వచ్చారని రాస్తే అది అబద్ధమవుతుంది. ఊరూరా కమిటీల ద్వారా అందిన సమాచారం ప్రకారం వచ్చినవారు సగానికి కాస్త తక్కువే. కొందరికి జ్వరం, కొందరికి డ్యూటీ, కొందరికి హిమోగ్లోబిన్ చాలలేదు, కొందరు ఫోను ఎత్తలేదు. అయినా ఆ సగం ఎక్కడికి చేరిందో చూడండి. మా మక్తబు పిల్లవాడికి ఈ రమజానులో రెండుసార్లూ చెప్పిన రోజునే రక్తం అందింది. ఈద్ నాడు వాడు తండ్రి వేలు పట్టుకుని ఈద్‌గాహ్‌కు నడిచి వచ్చాడు. ఇరవై ఏడో రాత్రి మేము ఖియామ్‌లో నిలబడి ఉండగా, ఆలేరు హోటలు సోదరుడు పనివాడికి గల్లా అప్పజెప్పి రక్తమిచ్చి వచ్చాడట. మరునాడు ఫోను చేసి “మౌల్‌సాబ్, నా పని అయింది. మీ నమాజు అయిందా?” అని అడిగాడు.

సైకిలు తొక్కితే పుణ్యం రాదు. దారిలోని చెమటకు తనంత తాను విలువ లేదు. ప్రతిఫలం సంకల్పాన్ని బట్టే ఉంటుందని దైవప్రవక్త ముహమ్మద్ (స) మనకు నేర్పారు. అయితే నెమ్మదిగా వెళ్లే ప్రయాణం మనిషిని మనిషి గుమ్మం ముందు నిలబెడుతుంది. తనకోసం అడగడానికి సిగ్గుపడాలి. అభాగ్యుడి కోసం అడగడానికి సిగ్గుపడరాదు. ఇచ్చేవాడినని విర్రవీగేవాడికి ఒక్క పంక్చరు చాలు, తానూ పుచ్చుకునేవాడినేనని తెలిసిరావడానికి.

పాఠక మహాశయులు అందరూ సైకిలెక్కనక్కరలేదు. మీ మస్జిదులో కూడా ముప్పై పుటల పుస్తకం ఒకటి కుట్టించండి. ఆరోగ్యవంతులైన మీ పిల్లల చేత ఒక రాత్రికి పేరు రాయించండి. ఆ రాత్రి కడుపునిండా తిని, నీళ్లు బాగా తాగి వెళ్లమని చెప్పండి. మీ ఇంట నికాహ్ మాట నడుస్తుంటే, మెహర్ గురించి, వలీమా గురించి మాట్లాడుకునేటప్పుడే ఆ చిన్న పరీక్ష గురించి కూడా మాట్లాడుకోండి. తల్లులారా, ఈ మాట మీ నోట వస్తే ఇంట్లో ఎవరూ కాదనరు. అల్లాహ్ మన సంకల్పాలను శుద్ధి చేయుగాక! రక్తం కోసం ఎదురుచూసే ప్రతి బిడ్డకూ సకాలంలో అది అందేలా చేయుగాక! మనకు తెలియని పేర్లతో మన పిల్లలను బతికించిన ప్రతి మనిషికీ ఉత్తమ ప్రతిఫలం ప్రసాదించుగాక! ఆమీన్.